పదిహేను కుర్చీలు, రెండు భాషలు: బెల్జియం మంత్రివర్గం లెక్క

2025 ఫిబ్రవరి 3న బ్రస్సెల్స్ రాజప్రాసాదంలో పదిహేను మంది రాజు ఫిలిప్ ఎదుట నిలబడి, ఒకరి తర్వాత ఒకరు కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశారు. రాజుకు విధేయంగా ఉంటాను, రాజ్యాంగానికీ బెల్జియం ప్రజల చట్టాలకూ లోబడి ఉంటాను అన్నది ఆ ప్రమాణం సారాంశం. మొదట చెయ్యెత్తింది కొత్త ప్రధాని బార్ట్ డె వేవర్. ఆయన పార్టీ ఎన్-వీఏ. ఆ పార్టీ నియమావళి తెరిస్తే మొట్టమొదట్లోనే స్వతంత్ర ఫ్లాండర్స్ గణతంత్రం తమ లక్ష్యమని రాసి ఉంటుంది. బెల్జియం అనే దేశం చివరికి అక్కర్లేదనే పార్టీ నాయకుడు అదే బెల్జియం రాజుకు విధేయత ప్రకటించి, అదే దేశాన్ని నడపడానికి కుర్చీలో కూర్చున్నాడు. ఒక ఫ్లెమిష్, అంటే దేశపు ఉత్తర భాగమైన ఫ్లాండర్స్‌కు చెందిన, జాతీయవాది ఆ దేశానికి ప్రధాని కావడం అదే మొదటిసారి.

ఎన్నికలు జరిగింది 2024 జూన్ 9న. ప్రమాణానికి పట్టింది 239 రోజులు. ఎనిమిది నెలలా అని మనం నోరెళ్లబెడతాం గానీ, బెల్జియంలో ఇది మరీ ఆలస్యం కిందికి రాదు. 2019 ఎన్నికల తర్వాత పూర్తిస్థాయి ప్రభుత్వానికి 494 రోజులు పట్టింది. 2010 ఎన్నికల తర్వాతయితే 541 రోజులు. కోటీ ఇరవై లక్షల లోపు జనాభా ఉన్న చిన్న దేశం, యూరోపియన్ యూనియన్ ప్రధాన ఆఫీసులు చాలావరకు కొలువున్న దేశం, ఏడాదిన్నర పాటు కొత్త మంత్రివర్గం లేకుండా నడిచింది. వాళ్లకు చేతకాక ఇలా జరుగుతోందా అంటే నేను కాదనే అంటాను. ఐదేళ్లలో పడాల్సిన తగాదాల్లో చాలా భాగం వాళ్లు ముందే పడేస్తారు. మంత్రివర్గం అనేది ఆ తగాదా ముగిశాక రాసుకున్న పంపకాల కాగితం.

ఆ కాగితం అర్థం కావాలంటే ముందు ఓటు దగ్గర మొదలుపెట్టాలి. ఉత్తరాన ఫ్లాండర్స్, అక్కడ డచ్ మాట్లాడతారు. దక్షిణాన వల్లోనియా, అక్కడ ఫ్రెంచ్. మధ్యలో బ్రస్సెల్స్, అధికారికంగా రెండు భాషలదీ. తూర్పు అంచున చిన్న జర్మన్ సమూహం. జనాభాలో దాదాపు పదిమందికి ఆరుగురు ఫ్లాండర్స్‌లో ఉంటారు. ఇంతవరకైతే స్విట్జర్లాండ్ కూడా ఇలాంటిదే. తేడా ఏమిటంటే బెల్జియంలో పార్టీలు కూడా భాష గీత మీద చీలిపోయాయి. 1968లో ఫ్లాండర్స్ వైపున్న లూవెన్ నగరంలోని కేథలిక్ యూనివర్సిటీ నుంచి ఫ్రెంచ్ విభాగం వెళ్లిపోవాలన్న గొడవ ముదిరి ప్రభుత్వమే పడిపోయింది. ఆ దెబ్బకు క్రిస్టియన్ డెమొక్రాట్లు రెండయ్యారు. కొన్నేళ్లకు లిబరల్స్, 1978లో సోషలిస్టులు. ఇప్పుడు కమ్యూనిస్టు మూలాలున్న పీటీబీ-పీవీడీఏ తప్ప దేశమంతటా చెప్పుకోదగ్గ బలమున్న పార్టీ లేదు.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. ఉత్తరాన గెంట్‌లో ఉండే ఓటరు ఫ్రెంచ్ పార్టీ ప్రధాని మీద ఎంత మండిపడినా ఆయనకు వ్యతిరేకంగా ఓటెయ్యలేడు, ఆ పార్టీ పేరు బ్యాలెట్‌లోనే ఉండదు. దక్షిణాన లియేజ్‌లో ఉండే ఓటరుకు ఫ్లెమిష్ పార్టీల విషయంలో దాదాపు అదే పరిస్థితి. ఏ ప్రధాని అయినా సగం దేశానికి దాదాపుగా ఓట్లడగని మనిషే. ఇక ఎన్నికల ప్రచారంలో ఇటువాళ్లు అటువాళ్లను ఎంత తిట్టుకున్నా ఓట్లు పోవు, ఒక్కోసారి పెరుగుతాయి కూడా. తీరా ఫలితాలొచ్చాక వాళ్లే ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి.

ప్రతినిధుల సభలో 150 సీట్లు, మెజారిటీకి 76 కావాలి. 2024లో అందరికంటే పెద్ద పార్టీగా వచ్చిన ఎన్-వీఏకు దక్కినవి 24. అంటే ఆరో వంతు కూడా లేదు. ఫ్లాండర్స్ తీవ్ర జాతీయవాద పార్టీ వ్లామ్స్ బెలాంగ్‌కు 20 వచ్చాయి గానీ దానితో కలవడానికి మిగతా పార్టీలు ఒప్పుకోవు. ఫ్రెంచ్ లిబరల్స్ ఎంఆర్‌కు 20, ఫ్రెంచ్ మధ్యేవాదులు లెజ్ ఆంగాజేకు 14, ఫ్లెమిష్ సోషలిస్టులు వోరౌట్‌కు 13, ఫ్లెమిష్ క్రిస్టియన్ డెమొక్రాట్లు సీడీ అండ్ వీకి 11. ఈ ఐదూ కూడితే 82. పార్లమెంటులో లెక్క తేలింది. మంత్రివర్గంలో లెక్క ఇంకా మొదలే కాలేదు.

రాజ్యాంగం 99వ అధికరణం రెండు షరతులు పెడుతుంది. మంత్రిమండలిలో పదిహేను మందికి మించకూడదు. ప్రధానిని పక్కన పెడితే డచ్ మాట్లాడే మంత్రులూ ఫ్రెంచ్ మాట్లాడే మంత్రులూ సమానంగా ఉండాలి. సీట్ల సంఖ్యతో, జనాభాతో పనిలేదు. ఇప్పుడు డె వేవర్ జట్టునే వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. ఎన్-వీఏకు ప్రధాని పదవీ, మరో మూడు శాఖలూ. వోరౌట్‌కు రెండు, సీడీ అండ్ వీకి రెండు. ప్రధానిని వదిలేస్తే డచ్ వైపు ఏడుగురు. అటు ఎంఆర్‌కు నాలుగు, లెజ్ ఆంగాజేకు మూడు, ఫ్రెంచ్ వైపూ ఏడుగురే. ఏడూ ఏడూ పధ్నాలుగు, పైన ప్రధాని. అచ్చంగా పదిహేను. కూటమిలో డచ్ పార్టీల సీట్లు 48, ఫ్రెంచ్ పార్టీలవి 34. అయినా కుర్చీలు చెరి సగం.

ఇందులో తమాషా ఏమిటంటే 13 సీట్లున్న వోరౌట్‌కు రెండు మంత్రిపదవులైతే, ఒక్క సీటు మాత్రమే ఎక్కువున్న లెజ్ ఆంగాజేకు మూడు. అది అన్యాయం అని వోరౌట్ వాళ్లు వాదించడానికి లేదు, ఎందుకంటే వాళ్ల పోటీ లెజ్ ఆంగాజేతో కాదు, తమ భాష వైపున్న మరో రెండు పార్టీలతో. భాగం పంచుకునేవాళ్లు తక్కువున్న ఇంట్లో ఒక్కొక్కరికి వాటా ఎక్కువ. 2014లో షార్ల్ మిషెల్ ప్రభుత్వంలో ఇది పరాకాష్ఠకు చేరింది. ఫ్రెంచ్ వైపు నుంచి కూటమిలో చేరిన పార్టీ ఒక్క ఎంఆర్ మాత్రమే, దాని సీట్లు 20. డచ్ వైపు మూడు పార్టీలు, మొత్తం 65 సీట్లు. మంత్రులు పధ్నాలుగు మంది, ప్రధాని మిషెల్‌తో కలిపి ఏడుగురు ఎంఆర్ వాళ్లే. మిగతా ఏడు కుర్చీలను మూడు పార్టీలు సర్దుకున్నాయి. ఫ్రెంచ్ వైపు మెజారిటీ లేకుండా ఒంటరిగా వెళ్లినందుకు ఆ కూటమికి కామికాజీ అనే పేరు కూడా పడింది. ఎన్నికల్లో చచ్చిపోవడానికి వెళ్తున్నారని దాని భావం.

మరి డచ్ పార్టీలు ఊరుకున్నాయా అంటే దానికో కిటికీ ఉంది. సెక్రటరీ ఆఫ్ స్టేట్ అనే పదవి. మన సహాయమంత్రి లాంటిదనుకోవచ్చు. సమాన భాషల నియమం దీనికి వర్తించదు, పదిహేను పరిమితిలోకీ రాదు. మిషెల్ ప్రభుత్వంలో అలాంటివాళ్లు నలుగురుంటే నలుగురూ డచ్ వైపు వాళ్లే. డె వేవర్ మాత్రం ఆ పదవులు అసలు పెట్టుకోలేదు. ఆయన మంత్రివర్గంలో మరో లోటు మొదటి రోజే కనిపించింది. పదిహేను మందిలో మహిళలు నలుగురే, ఐదుగురు ఉపప్రధానుల్లో ఒక్కరూ లేరు. అంతకుముందు అలెగ్జాండర్ డె క్రో మంత్రివర్గంలో మొత్తం ఇరవై మందిలో సగం మంది మహిళలు. భాషలకు రాజ్యాంగం ఖచ్చితమైన సమానత్వం రాసిపెట్టింది కాబట్టి అది తప్పడం లేదు. ఆడవాళ్ల విషయంలో అలాంటి సంఖ్యేదీ రాయలేదు కాబట్టి ఐదు పార్టీలూ ఎవరికివాళ్లు తమ సీనియర్ మగవాళ్లను పంపేసి, పక్కవాళ్లు చూసుకుంటారులే అనుకున్నట్టుంది.

చెరి సగం అనే ఈ అలవాటుకు అక్కడ ఒక ముద్దుపేరు ఉంది, ఊతప్పం పెనం రాజకీయం అనుకోండి. వాళ్ల పెనం వాఫిల్ పెనం: రెండు రేకుల మధ్య పిండి పోస్తే రెండు వైపులా ఒకే లోతు గళ్లు పడతాయి. ఒకవైపు వంద ఫ్రాంకులు ఖర్చు పెడితే అవతలివైపూ వంద పెట్టాల్సిందే, అవసరం ఉన్నా లేకున్నా. దీనికి తరచూ చెప్పే ఉదాహరణ, ఉత్తరాన జీబ్రుగ్ రేవు విస్తరణకు జోడీగా దక్షిణాన స్ట్రెపీ-తియ్యూలో కట్టిన పడవల లిఫ్టు. కాలువలో వచ్చే సరుకు పడవను నీళ్లతో సహా 73 మీటర్లు పైకెత్తే కట్టడం అది. 2002లో మొదలయ్యేనాటికి అంత అవసరం ఉందా అన్న ప్రశ్న పాతబడిపోయింది. 1980ల తర్వాత చాలా అధికారాలు ప్రాంతీయ ప్రభుత్వాలకు వెళ్లిపోవడంతో ఈ జోడీ ఖర్చులు తగ్గాయి. పెనం మాత్రం మంత్రివర్గంలో అలాగే ఉంది.

కూటములకు పెట్టే పేర్లు తెలియకపోతే అక్కడి వార్తలు చదవడం కష్టం. సోషలిస్టులు ఎరుపు, లిబరల్స్ నీలం, క్రిస్టియన్ డెమొక్రాట్లు నారింజ, పర్యావరణవాదులు ఆకుపచ్చ, ఎన్-వీఏ పసుపు. డె క్రో కూటమిలో నాలుగు సిద్ధాంతాల పార్టీలు ఏడు కలిశాయి కాబట్టి, నాలుగు రుతువుల సంగీతం రాసిన వివాల్డి పేరు పెట్టారు. ఇప్పటిది అరిజోనా, అమెరికాలోని ఆ రాష్ట్రపు జెండాలో ఎరుపు, పసుపు, నీలం, మధ్యలో రాగిరంగు నక్షత్రం ఉంటాయి గనక.

ఇక ఆ వందల రోజుల్లో ఏం జరుగుతుంది? ఎన్నికల మర్నాడు ప్రధాని రాజీనామా ఇస్తాడు. రాజు పార్టీ అధ్యక్షులను ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడతాడు. తర్వాత ఒకరిని ఇన్‌ఫర్మాటర్‌గా వేస్తాడు. ఎవరితో ఎవరు కలుస్తారో ఆరా తీయడం ఈయన పని. దారి కనిపిస్తే ఫార్మాటర్ వస్తాడు, ప్రభుత్వాన్ని నిజంగా కూర్చేది ఈయన, సాధారణంగా ప్రధాని అయ్యేదీ ఈయనే. మన పెళ్లిళ్ల పేరయ్యకూ, లగ్నం పెట్టే పంతులుకూ ఉన్న తేడా. దారి కనిపించకపోతే కొత్త కొత్త పదవులు పుట్టుకొస్తాయి. 2010లో మొదట డె వేవర్ ఇన్‌ఫర్మాటర్, తర్వాత ఎలియో డి రూపో ప్రీ-ఫార్మాటర్, తర్వాత ఇద్దరు మధ్యవర్తులు, మళ్లీ డె వేవర్ ఈసారి స్పష్టీకరణకర్తగా, తర్వాత ఒక రాజీ కుదిర్చేవాడు, మరో ఇన్‌ఫర్మాటర్, ఒక సంప్రదింపులకర్త, చివరికి డి రూపో ఫార్మాటర్. పేరు మారిందంటే పాత ప్రయత్నం చెడిందని అర్థం. రాజుకు మరో పేరు దొరికినంత కాలం చర్చలు బతికే ఉన్నట్టు.

జనం ఊరికే కూర్చోలేదు. ఒక ప్రముఖ నటుడు ప్రభుత్వం ఏర్పడేదాకా మగవాళ్లెవరూ గడ్డం గీసుకోవద్దన్నాడు. 2011 ఫిబ్రవరి 17న ప్రభుత్వం లేని రోజులు 249కి చేరి ఇరాక్ పేరిట ఉన్న రికార్డు అందుకోగానే గెంట్‌లో విద్యార్థులు రోడ్ల మీద వేడుక చేసుకున్నారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఫ్రైస్ విప్లవం. వేయించిన బంగాళదుంప ముక్కలు ఒక్కటే రెండు భాషలవాళ్లూ తమదని చెప్పుకునే వస్తువు.

ఆ కాలంలో దేశం ఆగిపోలేదు. పాత ప్రధాని ఈవ్ లెతెర్మ్ ఆపద్ధర్మంగా కొనసాగాడు. అలాంటి ప్రభుత్వం రోజువారీ పనులే చెయ్యాలి, కొత్త విధానాలు పెట్టకూడదు. బడ్జెట్ ఉండదు కాబట్టి పాత బడ్జెట్‌లో పన్నెండో వంతు చొప్పున నెలనెలా ఖర్చుకు పార్లమెంటు అనుమతిస్తుంది. అయితే రోజువారీ పని అన్న మాటను ఎంతైనా సాగదీయొచ్చని లెతెర్మ్ చూపించాడు. ఆపద్ధర్మ ప్రధానిగానే యూరోపియన్ యూనియన్ మండలికి ఆరు నెలల అధ్యక్షత నిర్వహించాడు, పార్లమెంటు ఆమోదంతో లిబియాకు యుద్ధవిమానాలు పంపాడు, కూలిపోతున్న డెక్సియా బ్యాంకును కాపాడటంలో దిగాడు. చివరికి తగాదా తీర్చింది రాజు కాదు, మార్కెట్. 2011 నవంబరు 25న స్టాండర్డ్ అండ్ పూర్స్ అనే రేటింగ్ సంస్థ బెల్జియం అప్పుల రేటింగ్ తగ్గించింది, పదేళ్ల బాండ్ల వడ్డీ 6 శాతం దగ్గరికి ఎగబాకింది. నెలల తరబడి తెగని బడ్జెట్ బేరం మర్నాడే తెగింది. డిసెంబరు 6న ఆరు పార్టీల మంత్రివర్గంతో డి రూపో ప్రమాణం చేశాడు.

చర్చలు ముగిసేది ఒక ఒప్పంద పత్రంతో. 2025 జనవరి 31న డె వేవర్ బృందం తెచ్చినది సుమారు 200 పేజీలు. పింఛన్ల నుంచి రైళ్ల దాకా, ఎవరు ఏ మాట మీద పట్టుబట్టారో వాక్యాల అల్లికలోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఒక్కో పార్టీ తన సభ్యుల సమావేశం పెట్టి ఆమోదం తీసుకుంటుంది. అది అయ్యాకే మంత్రుల పేర్లు. ఎవరు మంత్రి అన్నది ప్రధాని చేతిలో లేదు. ఒక్కో పార్టీ వాటాకు వచ్చిన శాఖలకు మనుషులను ఆ పార్టీ అధ్యక్షుడు నిర్ణయిస్తాడు. తన మంత్రుల్లో చాలామందిని ప్రధాని ఎంచుకోలేదు, తీసెయ్యనూ లేడు.

నాకు ఈ వ్యవస్థలో అన్నిటికంటే గుచ్చుకునేది ఇదే. ఒప్పందం రాసేదీ, మంత్రులను పంపేదీ, కూటమిలోంచి లాగేసేదీ పార్టీ అధ్యక్షుడు. కానీ ఆయన చాలాసార్లు మంత్రివర్గంలో ఉండడు. ఎంఆర్ అధ్యక్షుడు జార్జ్-లూయీ బుషే, వోరౌట్ అధ్యక్షుడు కోనర్ రూసో మంత్రులు కారు. నలుగురి మధ్యా కుదిరిన నిర్ణయాన్ని మర్నాడు టీవీలో ఏకిపారేసే స్వేచ్ఛ వాళ్లకుంటుంది, దాన్ని మోసే బరువు మంత్రిది.

లోపలి యంత్రాంగం గురించి ఒక మాట. మనం మంత్రివర్గాన్ని క్యాబినెట్ అంటాం. బెల్జియంలో క్యాబినెట్ అంటే మంత్రి సొంత ఆఫీసు, ఆయన పార్టీ నుంచి తెచ్చుకున్న సలహాదారుల బృందం. ఏ ఫైలు అయినా ముందు వేర్వేరు మంత్రుల క్యాబినెట్ల వాళ్లు కలిసే వర్కింగ్ గ్రూపులో నలుగుతుంది. అక్కడ తేలనిది కెర్న్ దగ్గరికి వెళ్తుంది. కెర్న్ అంటే డచ్‌లో గింజ, ప్రధానీ ఉపప్రధానులూ మాత్రమే కూర్చునే లోపలి బల్ల. ఒక్కో కూటమి పార్టీకి ఒక ఉపప్రధాని ఉండేది ఇందుకే. అక్కడా తేలకపోతే పార్టీ అధ్యక్షుల ఫోన్లు మోగుతాయి. తేలినవి శుక్రవారం మంత్రిమండలికి వస్తాయి. అక్కడ ఓటింగు ఉండదు, అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం. ఒప్పుకోలేని మంత్రికి మిగిలే మర్యాదైన దారి రాజీనామా ఒక్కటే. ఏడుగురు ఏడుగురు అన్న సమానత్వానికి అసలు అర్థం ఇక్కడ తెలుస్తుంది. ఓట్లు వేయని చోట సంఖ్య గెలవడానికి పనికిరాదు, తమ మాట లేకుండా ఏదీ జరగదన్న ధీమా ఇస్తుంది.

ఈ ఏకాభిప్రాయం ఎలా తెగుతుందో 2018లో చూశాం. వలసలపై ఐక్యరాజ్యసమితి తెచ్చిన ఒప్పందాన్ని బలపరచడానికి మిషెల్ మొరాకోలోని మరాకేష్‌కు వెళ్తానన్నాడు. ఎన్-వీఏ వద్దంది. వాదించి వాదించి డిసెంబరు రెండో వారాంతంలో మంత్రులను వెనక్కి పిలిచింది. మిగిలిన మూడు పార్టీలతో మిషెల్ పది రోజులు నెట్టుకొచ్చాడు. 18న పార్లమెంటులో సోషలిస్టులు, పర్యావరణవాదులు అవిశ్వాసం పెడతాం అనగానే రాజీనామా ప్రకటించాడు.

ఆ అవిశ్వాసానికీ ఓ మెలిక ఉంది. ప్రధానిని దించాలంటే, తీర్మానంలోనే తర్వాతి ప్రధాని పేరు రాసి సభలో పూర్తి మెజారిటీతో గెలవాలి. 1990ల రాజ్యాంగ సవరణల్లో వచ్చిన నియమం ఇది. దీని విలువ మనకు బాగా అర్థమవుతుంది. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో మన కోనసీమ మనిషి బాలయోగి స్పీకర్ కుర్చీలో ఉండగా వాజ్‌పేయి ప్రభుత్వం 269కి 270తో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. దించిన 270 మంది ఒక పేరు మీద కలవలేకపోయారు, దేశం మళ్లీ ఎన్నికలకు వెళ్లింది. బెల్జియం నియమం కింద అలాంటి ఓటు పడినా ప్రధాని దిగిపోవాల్సిన పనిలేదు. మరి మిషెల్ ఎందుకు దిగాడంటే, బడ్జెట్ నెగ్గే బలం లేనివాడిని నియమం కుర్చీలో ఉంచగలదు గానీ పరిపాలన చేయించలేదు.

ఆయన తర్వాత వచ్చిన సోఫీ విల్మెస్, బెల్జియం తొలి మహిళా ప్రధాని, మరింత వింత పరిస్థితిలో పడింది. ఆమె మూడు పార్టీలకూ కలిపి 150లో 38 సీట్లు. అది ఆపద్ధర్మ ప్రభుత్వం. 2020 మార్చిలో కోవిడ్ విరుచుకుపడేసరికి ప్రతిపక్షాలే ముందుకొచ్చి ఆమెకు విశ్వాస ఓటు ఇచ్చి, ప్రత్యేకాధికారాలు కూడా కట్టబెట్టాయి. ఆరు నెలలకే సుమా అని చెప్పి మరీ ఇచ్చాయి.

డె వేవర్‌కు కుర్చీ ఎక్కిన ఏడాదిలోపే పరీక్ష వచ్చింది. 2025 శరదృతువులో బడ్జెట్ తేలలేదు. ఐదు పార్టీలూ లోటు తగ్గించాలనే అంటాయి, ఎవరి జేబులోంచి అన్న దగ్గర విడిపోతాయి. వ్యాట్ పెంచుదామంటే మంత్రివర్గం బయట కూర్చున్న బుషే ససేమిరా అన్నాడు. నవంబరు మొదటి వారంలో డె వేవర్ తనకు తానే క్రిస్మస్ దాకా గడువు పెట్టుకున్నాడు, ఆలోగా తేలకపోతే తన దారి తాను చూసుకుంటానన్న సూచనతో. నవంబరు 24 తెల్లవారేసరికి ఒప్పందం కుదిరింది, సరిగ్గా కార్మిక సంఘాల మూడు రోజుల సమ్మె మొదలైన రోజే. వ్యాట్ అసలు రేట్లు రెండూ, 6 శాతమూ 21 శాతమూ, ఉన్నవి ఉన్నట్టే ఉంచారు కాబట్టి బుషే మాట నెగ్గినట్టు. కొన్ని వస్తువులూ సేవలూ మాత్రం 6 నుంచి 12కి మార్చాలని ఆ ఒప్పందంలో రాసుకున్నారు కాబట్టి ఖజానాకు డబ్బు వచ్చినట్టు. అప్పటి ఆ జాబితాలో హోటల్ గదులున్నాయి, పొట్లం కట్టించుకుని ఇంటికి తీసుకెళ్లే తిండి ఉంది. అంటే రెండు భాషలవాళ్లూ తమదని చెప్పుకునే ఆ ఫ్రైస్ పొట్లం కూడా.